బందరు పేరు... పెడన చేతులు!

కొబ్బరితోటకు కొబ్బరికాయ పట్టుకెళ్లేవాళ్లు ఉంటారా? ఉంటారు. నేనే!

ఘంటసాలలో మా పిన్ని కొడుకు పెళ్లి. 'పెళ్లికొడుకును చేసేరోజు కట్టుకుంటాను, ఓ మంచి కలంకారీ చీర తీసుకురావే' అని పిన్ని ఫోన్లో పురమాయించింది. హైదరాబాద్‌లో ఓ పేద్ద షాపులో గంటసేపు ఏరి, అడిగినంతా ఇచ్చి, చీర కొన్నాను. అట్టపెట్టె మీద బంగారు రంగు అక్షరాలతో 'అసలైన బందరు కలంకారీ' అని ఉంది. ఇంకేం కావాలి?

ఘంటసాలలో బస్సు దిగి, కాళ్లు కడుక్కోగానే చీర పిన్ని చేతిలో పెట్టాను. ఆవిడ మడత విప్పింది. చీరను తిరగేసింది. వెనకవైపు రంగు వెలవెలబోతోంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తర్వాత నావైపు జాలిగా చూసింది.

''ఇంత చదువు చదివావు, చీర తిరగేసి చూడాలని తెలీదా? ఇది స్క్రీన్ ప్రింటే తల్లీ!''

నా మొహం మాడిపోయింది. ''రేపు బందరు వెళ్లి మంచిది తెస్తాలే పిన్నీ'' అన్నాను.

''బందరు ఎందుకే? బందరు కలంకారీ బందరులో చేస్తారా ఏమిటి? పెడన వెళ్లు.''

అదీ సంగతి! లోకమంతా బందరు కలంకారీ అంటుంది. దాన్ని చేసే చేతులు మాత్రం బందరుకు పది కిలోమీటర్ల అవతల పెడనలో, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నాయి. ఆ మాటకొస్తే బందరు కథంతా ఇంతేనేమో. ఊరికి పేరు, చుట్టుపక్కల ఊళ్లకు పని! చీర వంకతో ఈ వారం ఆ కథలోకి వెళ్దాం.

రేవు కంటే ముందు రేవు

కథ మొదలవాల్సింది మా పిన్నిగారి ఊళ్లోనే. ఘంటసాల అనగానే ఎవరికైనా గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు గుర్తొస్తారు. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ఇంటిపేరు మాత్రం ఈ ఊరిదే. అయితే ఆ ఇంటిపేరుకు రెండువేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉందని చాలామందికి తెలియదు.

రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ మన తీరంలోని వర్తక కేంద్రాల పేర్లు రాశాడు. అందులో కంటకోస్సిల అని ఒకటుంది. అది ఘంటసాలే అంటారు చరిత్రకారులు. ఇక్కడ బయటపడిన ప్రాకృత శాసనాల్లో ఒకదానిలో శివకుడనే 'మహానావికుడి' ప్రస్తావన ఉంది. పెద్ద బౌద్ధ స్తూపం ఉండేది. దాని ఆనవాళ్లూ, పాలరాయిలా మెరిసే సున్నపురాయి శిల్పాలూ ఇప్పటికీ చూడొచ్చు. నాగార్జునకొండ శాసనంలో కూడా ఇక్కడి మహాచైత్యం ప్రసక్తి వస్తుంది. అంత గొప్ప రేవన్నమాట!

ఇప్పుడు ఘంటసాలలో మేడెక్కి చూసినా సముద్రం కనిపించదు. చుట్టూ వరిచేలే. కృష్ణమ్మ ఏటా తెచ్చిపోసే ఒండ్రు తీరాన్ని ముందుకు నెట్టుకుంటూ పోయింది. రేవు పొలమైపోయింది. డెల్టాలో రేవులకు ఉన్న జాతకమే ఇది. నేల ఇచ్చే నదే రేవును తీసుకుపోతుంది.

సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని మచిలీపట్నానికి తర్వాత్తర్వాత ఆ వైభవం దక్కింది. దాని ఇంకో పేరు 'బందరు' అంటే పారశీకంలో రేవు అనే అర్థం. కాబట్టి మనం 'బందరు రేవు' అన్నప్పుడల్లా 'రేవు రేవు' అంటున్నామన్నమాట!

గుడ్డ కోసం సముద్రాలు దాటి...

గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో తూర్పుతీరాన ఇంతటి రేవు లేదు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్లు దిగారు. 1611లో ఇంగ్లీషువాళ్లు వర్తకశాల పెట్టారు. తూర్పుతీరంలో వాళ్ల మొదటి వర్తకశాల ఇదే. 1669లో ఫ్రెంచివాళ్లూ వచ్చారు. అంతకుముందు నుంచే పర్షియా వర్తకులు ఇక్కడ స్థిరపడి ఉన్నారు.

ఇంతమంది ఎందుకొచ్చినట్టు? గోల్కొండ వజ్రాల కోసం కొందరు. ఎక్కువమంది మాత్రం గుడ్డ కోసం. అప్పట్లో ఐరోపావాళ్లకు కావలసింది ఇండోనేషియా దీవుల్లోని మిరియాలు, లవంగాలు, జాజికాయ. అక్కడివాళ్లకు కావలసింది మన నూలుబట్ట. అందుకని వెండి తెచ్చి మన తీరంలో బట్ట కొని, ఆ బట్టను దీవుల్లో ఇచ్చి, సుగంధ ద్రవ్యాలు ఓడల్లో నింపుకునేవాళ్లు. మన నేతగాళ్ల తానే వాళ్లకు రూపాయన్నమాట!

ఇక్కడి అద్దకం బట్టలు ఐరోపా చేరాక మరో విచిత్రం జరిగింది. ఉతికినా వెలిసిపోని రంగుల పూలబట్టను అక్కడివాళ్లు అంతకుముందు ఎరగరు. రాణులు గౌన్లు కుట్టించుకున్నారు, జమీందార్లు పరుపుల మీద పరిచారు. దాంతో అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో ఈ బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1701లో దిగుమతిని, 1721లో ఏకంగా కట్టుకోవడాన్నే నిషేధించింది. పూలగౌను వేసుకోవడం నేరం! ఒక ఊరి చేతిపనికి ఇంతకంటే పెద్ద కితాబు ఉంటుందా?

ఇంకో తమాషా చూడండి. ఫ్రాన్సు ఆ నిషేధం ఎత్తేసింది 1759లో. బందరు కోటను ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లు లాక్కున్నదీ 1759లోనే. ఈలోగా ఐరోపావాళ్లు ఊరుకోలేదు. మన అద్దకాన్ని చూసి నేర్చుకుని, తర్వాత మిల్లులు పెట్టి, యంత్రాల మీద అచ్చేసి, పందొమ్మిదో శతాబ్దంలో ఆ చవక బట్టను మనకే అమ్మారు. అంటే నేను హైదరాబాద్‌లో కొన్న నకలు చీర నిన్నమొన్నటి వ్యవహారం కాదు. దాని వెనక రెండొందల ఏళ్ల వంశవృక్షం ఉంది!

ఉప్పెన తర్వాత...

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరు మీద పడింది. సుమారు 30 వేలమంది చనిపోయారు. అప్పటికే మద్రాసు పెరిగి, ఇక్కడి వర్తకం పలచబడింది. తీరంలో లోతు లేక పెద్ద ఓడలు దూరంగానే ఆగేవి. ఉప్పెన తర్వాత ఊరు మునుపటిలా లేవలేదు. ఇప్పుడు బందరులో ఆ వైభవానికి మిగిలిన గుర్తులు కొన్ని గోడలు, చెక్కుడు రాళ్లతో ఉన్న డచ్చివాళ్ల సమాధులు.

వర్తకం పోయిన ఊరు ఏం చేస్తుంది? బందరు చదువుకుంది. 1843లోనే ఇక్కడ నోబుల్ బడి వెలిసింది. 1902లో 'కృష్ణాపత్రిక' పుట్టింది. కోపల్లె హనుమంతరావుగారు స్నేహితులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టి, పుస్తకాల చదువుతోపాటు చేతిపనీ నేర్పాలన్నారు. త్రివర్ణ పతాకం పేరెత్తితే గుర్తొచ్చే పింగళి వెంకయ్యగారు అక్కడ పాఠాలు చెప్పినవారే. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఇక్కడే ఆంధ్రా బ్యాంకు ప్రారంభించారు. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అలా ఆ పేరూ చరిత్ర పుస్తకంలోకే వెళ్లింది.

ఇక రేవు సంగతి. కొత్త రేవుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన జరిగింది. మూడోసారి తర్వాత పనులు కదిలాయి. 'ఈసారి ఓడ వస్తుందండీ' అని బందరులో ఎవరిని కదిపినా ఆశగా చెబుతారు. రావాలనే కోరుకుందాం. అయితే ఓడ వచ్చే నాటికి ఎక్కించడానికి మన సరుకేం మిగులుతుందన్న ప్రశ్న ఒకటుంది. దానికి జవాబు వెతకాలంటే పెడన వెళ్లాలి.

పెడనలో అచ్చు చప్పుడు

విజయవాడ నుంచి గుడివాడ మీదుగా బందరు వెళ్లే రైలుకు బందరు ముందు వచ్చే పెద్ద స్టేషను పెడన. చేనేతకూ పేరున్న ఊరే. అద్దకం షెడ్డు దగ్గరికి వెళ్తుంటే ముందు చప్పుడు వినిపిస్తుంది. టప్... టప్... రెండు దెబ్బలు, చిన్న విరామం. మళ్లీ టప్... టప్... బల్ల మీద తడి గోనెలు పరిచి, వాటిపై బట్ట పరుస్తారు. టేకు చెక్కతో చెక్కిన అచ్చును రంగు తొట్టెలో అద్ది, బట్ట మీద పెట్టి, పిడికిలితో ఒక్కటిస్తారు. ఒక తీగ పూర్తయ్యాక, పక్క అచ్చు తీగకొసను సరిగ్గా అందుకోవాలి. స్కేలూ లేదు, గీతా లేదు. కంటి కొలతే.

'కలంకారీ' అంటే కలంతో చేసే పని. కాళహస్తిలో ఇప్పటికీ కలంతోనే రామాయణ, భారత కథలు గీస్తారు. ఇక్కడేమో అచ్చులు. గోల్కొండ, పర్షియా కొనుగోలుదార్ల అభిరుచికి తగ్గట్టు తీగలు, లతలు, చెట్లు, నెమళ్లు వచ్చి చేరాయి. పేరులో మాత్రం కలం అలాగే ఉండిపోయింది.

ఇందులో అసలు గమ్మత్తు రంగులది. ముందుగా ముడిబట్టలోని గంజి పోయేలా ఉతికి, ఎండలో తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ పొడీ, గేదెపాలూ కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని వెన్న వల్ల రంగు పక్కకు పాకదు. కరక్కాయలోని వగరు వల్ల రంగు పట్టుకుంటుంది. నల్లరంగు కోసం తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ కషాయం బట్ట మీది కరక్కాయకు తగలగానే నలుపు తేలుతుంది. ఎరుపు కథ ఇంకా వింత. అద్దేది ఎరుపు కాదు, పటిక! బట్టను ఎర్రరంగు వేళ్లతోనో, ఈ రోజుల్లో అలిజరిన్‌తోనో, జాజి ఆకు వేసి పెద్ద రాగి గంగాళంలో ఉడికిస్తే, పటిక పడిన చోటల్లా ఎరుపు పూస్తుంది. అద్దినవాడు తన పువ్వును ఉడికించాకే నిండుగా చూస్తాడు! పసుపుకు కరకపువ్వు, నీలానికి నీలిమందు. రెండూ ఒకదానిమీద ఒకటి పడితే ఆకుపచ్చ.

మధ్యమధ్య ఉతుకుళ్లు. అవీ పారే నీళ్లలోనే. నిలవనీళ్లలో ఉతికితే వదిలిన పటికా, రంగూ తెల్లని చోట అంటుకుని బట్ట పాడవుతుంది. అందుకే ఈ పనికి కాలవ కావాలి, ఎండ కావాలి, ఎదురుచూసే ఓపికా కావాలి. ముసురు పట్టిందంటే పని ఆగినట్టే. ఒక చీర ఇన్ని మెట్లూ దిగి బయటికి రావడానికి వారాలు పడుతుంది. స్క్రీన్ మీద అయితే? రంగు పోసి గీకితే చాలు, గంటలో బోలెడు!

షెడ్డులో అద్దకం పనిచేసే ఒక పెద్దాయనకు నా చీర చూపించాను. ఆయన నవ్వలేదు. చేత్తో ఒకసారి తడిమి, మడిచి ఇచ్చేశారు.

''డిజైను మాదేనమ్మాయ్. మా అచ్చు చూసి ఎత్తి రాసుకున్నారు. మా డిజైను వాళ్లు అమ్ముకుంటే అమ్ముకోనీ. మా పేరు ఎందుకు పెట్టుకోవాలి?''

''మీ పిల్లలు ఈ పనిలోకి వచ్చారా బాబాయ్‌గారూ?''

''ఒకడు వచ్చాడు. ఒకడు రాలేదు. రానివాడి తప్పేం ఉందమ్మా? నాలుగు వారాల చీర, గంట చీర ఒకే కొట్లో పక్కపక్కన పెడితే, జనం ధర చూస్తారుగా!''

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ధర చూసినవాళ్లలో నేనూ ఉన్నాను కదా. ఒకవేళ ఎక్కువ ఇచ్చినా, ఎవరికి ఇస్తున్నానో చూసుకోలేదు.

సత్యభామ చెప్పే పాఠం

బందరు చుట్టూ ఇలాంటి చేతులు ఇంకా ఉన్నాయి. చిలకలపూడి పేరు చెబితే రోల్డుగోల్డు నగలు. బందరు లడ్డూ సంగతి సరేసరి. శనగపిండితో వేయించిన పూసను రోట్లో దంచి, జల్లించి, పాకం పట్టి మళ్లీ దంచితేనే ఆ నునుపు వస్తుంది. అందుకే అది 'తొక్కుడు లడ్డు'. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. మచిలీపట్నం కలంకారీకి అంతకుముందే వచ్చింది.

తిరుగు ప్రయాణంలో మొవ్వ మండలంలోని కూచిపూడి గుర్తొచ్చింది. ఘంటసాలకు పక్కనే. సిద్ధేంద్రయోగి నేర్పారని చెప్పే భామాకలాపాన్ని అక్కడి కుటుంబాలు తరాల తరబడి కాపాడుకొచ్చాయి. ఆ ఇళ్లలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది ఆనవాయితీ. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా నడిచొస్తుంటే ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారట. ఆ నాట్యం ఒకప్పుడు ఆ ఊరి మగవాళ్ల సొత్తు. తర్వాత వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి వంటి గురువులు ఆడపిల్లలకూ నేర్పారు. వెంపటి చినసత్యంగారు మద్రాసులో అకాడమీ పెట్టి, ఎక్కడెక్కడి పిల్లలకో నేర్పారు. ఇవాళ అమెరికాలోని తెలుగు పిల్లలు కూడా నేర్చుకుంటున్నారు. ఊరి గడప దాటింది కాబట్టే కూచిపూడి బతికింది. అయితే గడప దాటినా ఊరి పేరు వదల్లేదు, గురువు పేరూ వదల్లేదు. అదీ కిటుకు. కలంకారీకి మాత్రం డిజైను గడప దాటింది, చేసినవాడు గడప లోపలే మిగిలిపోయాడు.

అమెరికా అంటే గుర్తొచ్చింది. పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ అనే పాత చిన్న నగరం ఉంది. అక్కడున్న మనవాళ్లు సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్తుంటారు. 1777 సెప్టెంబరు 27న ఒక్కరోజు ఆ దేశానికి రాజధానిగా ఉన్న ఊరది. అయినా జనం వెళ్లేది ఆ చరిత్ర కోసం కాదు. చుట్టుపక్కల పల్లెల్లో గుర్రబ్బండ్ల మీద తిరుగుతూ, కరెంటు తీగలను ఇళ్లలోకి రానివ్వకుండా బతికే ఆమిష్ రైతుల్ని చూడటానికి. వాళ్ల ఆడవాళ్లు చేత్తో కుట్టిన బొంతల్ని అడిగి మరీ కొనుక్కుంటారు. ఆమిష్‌వాళ్లది మతం చెప్పిన కట్టుబాటు. పెడనవాళ్లకు అలాంటిదేమీ లేదు. సెల్‌ఫోన్లున్నాయి, బైకులున్నాయి. వాళ్లు యంత్రం పెట్టనిది యంత్రం మీద కోపంతో కాదు. యంత్రం పెడితే అది కలంకారీ కాదు కనక! లాంకాస్టర్ నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే. పాత ఊరికి వచ్చినవాళ్లు, పని జరిగే పల్లెదాకా వెళ్లడం.

చీర తిరగేసి చూడండి

మీరూ ఏ షాపులోనో 'కలంకారీ' అన్న మాట చూసి ఆగుతారు కదా. అప్పుడు మా పిన్ని చేసినట్టే చేయండి. బట్ట తిరగేయండి. ఉడికించి పట్టించిన రంగు కాబట్టి అసలుదానికి సాధారణంగా వెనకవైపు కూడా రంగు దిగి ఉంటుంది. పైపైన పూసిన స్క్రీన్ రంగు వెనక వెలవెలబోతుంది. అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు చూడండి. చేత్తో వేసిన దానిలో ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. చీర పొడవునా ఒక్క పువ్వూ జరగలేదంటే అనుమానించాల్సిందే. షాపువాణ్ని ఒక్కమాట అడగండి: 'ఎక్కడ అద్దించారండీ?' స్క్రీన్ ప్రింటు కొనడం నేరమేమీ కాదు. తక్కువ ధరలో అందమైన బట్ట దొరికితే హాయిగా కొనుక్కోవచ్చు. కానీ అది స్క్రీన్ ప్రింటని చెప్పి అమ్మాలి, తెలిసి కొనాలి. నాలుగు వారాల కష్టానికి కట్టే డబ్బు గంట పనికి కట్టేస్తే, నష్టపోయేది మనం ఒక్కళ్లమే కాదు. పెద్దాయన రెండో కొడుకు ఎందుకు రాలేదో అక్కడే తెలుస్తుంది.

పెడనలో ఎర్రటి నేల మీద నల్లతీగలు, మధ్యమధ్య ఆవరంగు పూలు ఉన్న చీర తీసుకుని, చీకటిపడే వేళకు ఘంటసాల చేరాను. పిన్ని మళ్లీ మడత విప్పింది, మళ్లీ తిరగేసింది, మళ్లీ వాసన చూసింది. ఈసారి మొహం విప్పారింది. పమిటంచు దగ్గర ఆగి, వేలు పెట్టి చూపించింది.

''ఇదుగో, ఇక్కడ అచ్చు కాస్త జరిగిందే.''

''అయ్యో! మార్చుకురానా పిన్నీ?''

''పిచ్చిదానా, మారుస్తావా? అక్కడేగా మనిషి కనిపించేది!''

పెళ్లికొడుకును చేసేరోజు ఆ చీరే కట్టుకుంది. వచ్చిన చుట్టాలు 'ఎక్కడ కొన్నావు వదినా?' అని అడిగితే, పిన్ని బందరు అనలేదు. ''పెడన'' అంది. అడిగిన ప్రతివాళ్లకీ అదే జవాబు.

మీరు బందరు రైలెక్కితే, బీచికీ లడ్డూకీ ముందు ఇవతల పెడనలోనే దిగిచూడండి. టప్... టప్... చప్పుడే దారి చూపిస్తుంది.